మామిడల్లం: అల్లమా, పసుపా?

సందేహం: మేము 'మామిడల్లం' అంటాం. మా అమ్మాయి వ్యాసంలో అలాగే రాస్తే 'మామిడి అల్లం' అని దిద్దారు. ఒక వైద్య గ్రంథంలో దీన్నే 'ఆమ్రగంధి హరిద్ర' అన్నారు. హరిద్ర అంటే పసుపు కదా! ఏది సరైన పేరు?
– ఒక పాఠకురాలు, నరసన్నపేట, శ్రీకాకుళం జిల్లా

సమాధానం: 'మామిడల్లం' తప్పు కాదు. మామిడి, ఆకు కలిసి మామిడాకు అయినట్లే, ఇక్కడా ఇకారం లోపించింది. పండగపూట గుమ్మానికి మామిడాకులు కట్టేవారెవరూ మాటను విడదీసి పలకరు. విడిగా రాసినా దోషం లేదు గాని, కలిపి రాసినదాన్ని కొట్టివేయడం అన్యాయం.

మీ రెండో ప్రశ్న ఇంకా విలువైనది. అల్లం, పసుపు, ఏలకులు ఒకే కుటుంబానివే అయినా, మామిడల్లం పసుపు ప్రజాతికి (కుటుంబంలోని చిన్న ఉపవర్గానికి) చెందిన మొక్క. విజయనగరం బజారులో కుప్పపోసిన దుంపలను చూసి అల్లమనే అనుకుంటాం. తుంచితే లోపల లేత పసుపు రంగు కనబడి, పచ్చి మామిడికాయ వాసన గుప్పుమంటుంది. మొక్కను చూస్తే తేడా మరింత స్పష్టం: అల్లానికి కాండం పొడవునా ఇరువైపులా సన్నని ఆకులుంటే, దీనికి పొడవాటి కాడలతో వెడల్పాటి ఆకులు కుదురు నుంచే లేస్తాయి, వాటి నడుమ కంకిలో తెల్లని, లేత పసుపు పూలు పూస్తాయి. మామిడితో దీని పోలిక వాసన వరకే. మామిడి చెట్టు మన పలాస జీడి కుటుంబంలోనిది.

1810లో వృక్షశాస్త్రవేత్త విలియం రాక్స్‌బర్గ్ దీనికి 'కుర్కుమా అమడా' అని శాస్త్రీయ నామం పెట్టాడు. కుర్కుమా పసుపు ప్రజాతి పేరు. అమడా బెంగాలీలో మామిడల్లమనే అర్థమిచ్చే 'ఆమ్ ఆదా' నుంచి వచ్చింది. మన తెలుగు పేరు దుంప రూపాన్నీ వంటింటి వాడుకనూ బట్టి పుట్టింది, 'మామిడి వాసన గల పసుపు' అనే అర్థమిచ్చే సంస్కృత నామం 'ఆమ్రగంధి హరిద్ర' జాతిని బట్టి పుట్టింది, రెండూ సరైనవే.

అయితే వైద్య విషయాలు రాసేటప్పుడు దీన్ని ఉత్త 'అల్లం' అని కుదించకూడదని నా గట్టి అభిప్రాయం. అల్లం ఉష్ణ గుణం గలది, వాతకఫాలను తగ్గిస్తుంది. ఆమ్రగంధి హరిద్ర శీతమనీ, పిత్తాన్నీ దురదలనూ పోగొడుతుందనీ, వాతాన్ని మాత్రం పెంచుతుందనీ భావప్రకాశమనే ఆయుర్వేద గ్రంథం చెబుతోంది. ఉప్పూ నిమ్మరసమూ కలిపి అన్నంలో నంజుకునేవారికి ఈ భేదంతో పెద్దగా పని లేదు. కానీ వాతం వల్ల వచ్చే కీళ్ల నొప్పులకు అల్లం వాడమన్న చోట మామిడల్లం వాడితే గుణం తలకిందులవుతుంది.