మా ఊళ్ళో అమ్మాయిల కబడ్డీ ఎలా నిలబడిందంటే

"ఊళ్ళో అమ్మాయిలకు కబడ్డీ మొదలుపెడదామనుకుంటున్నాం, ఇళ్ళల్లో ఒప్పించేదెలా?" అని అడిగారు. శ్రీకాకుళం జిల్లాలో మా ఊళ్ళో నేనూ మా తోటికోడలూ ఈ పని చేశాం కాబట్టి చెబుతున్నా.

ముందు ఉపన్యాసాలు ఇచ్చాం. కరణం మల్లీశ్వరి మన ఆమదాలవలస పక్కన ఊసవానిపేటలోనే పెరిగింది, 2000లో సిడ్నీలో వెయిట్‌లిఫ్టింగ్‌లో కాంస్యం గెలిచి ఒలింపిక్ పతకం తెచ్చిన తొలి భారతీయ మహిళ అయింది అంటే అందరూ తలలూపారు. మర్నాడు సాయంత్రం వచ్చింది నలుగురు. జట్టుకి ఏడుగురు కావాలి!

ఇల్లిల్లూ తిరిగితే సంగతి తెలిసింది. అయిదింటికి పిల్ల నీళ్ళు పట్టాలి, అంట్లు తోమాలి. అదే టైముకి వాళ్ళన్న బ్యాటు పుచ్చుకుని గ్రౌండ్‌లో ఉంటాడు. అన్నలతో అంట్లు తోమించడం మా వల్ల కాలేదు. నిజం చెప్పాలంటే, ఆటని పొద్దున్న అయిదున్నరకి మార్చి తప్పించుకున్నాం. స్థలం గొడవ మాత్రం రాలేదు. ఆడవాళ్ళ కోర్టు 12 మీటర్ల పొడవు, 8 మీటర్ల వెడల్పే, ఓ మూల సరిపోయింది.

"గుంట కాలిరిగితే ఎవుడు సేసుకుంటాడమ్మా?" అని ఒకావిడ నిలదీసింది. జవాబు చెప్పలేక, నేల తవ్వించి ఇసక పోయించాం. నాలుగు రోజులకి ఆవిడే ఇంటి ముందు ముగ్గేసి, పిండి డబ్బాతో అటే వచ్చింది. మేం కర్రతో గీసిన వంకర గీత చూసి, "ఇదేం గీతమ్మా!" అని విసుక్కుని తనే మళ్ళీ వేసింది. తాడు పట్టి గీసినట్టుంది. అప్పట్నుంచి కోర్టు గీతలు ఆవిడవే.

అన్నిటికన్నా కష్టమైంది కూత. గట్టిగా మాట్లాడితేనే తిట్లు తిన్న పిల్లలు, "కబడ్డీ కబడ్డీ" అని గుసగుసలాడేవాళ్ళు. గోడెక్కిన మగపిల్లలు దాన్నే వెక్కిరించేవాళ్ళు. వాళ్ళలో ఎక్కువ గోల చేసేవాడిని పిలిచి పాయింట్లు రాసే పని అప్పజెప్పాం. వారం తిరక్కుండా, "కూత వినబడట్లేదు, పాయింట్ ఇవ్వను" అని వాడే అరవడం మొదలెట్టాడు. మిగతావాళ్ళని గోడ దింపిందీ వాడే.

బట్టల గురించి పట్టుబట్టకండి. ట్రాక్ ప్యాంటు మీద పొడుగు చొక్కా అంటే మా దగ్గర ఎవరూ కాదనలేదు. ఆడుకునే చోటికి దగ్గర్లో మరుగుదొడ్డి ఉందో లేదో మాత్రం ముందే చూసుకోండి. మేం చూసుకోలేదు, ఇద్దరు పెద్దపిల్లలు అందుకే మానేశారు.

వేరే ఊరికి మ్యాచ్ అంటే నాకు ఇప్పటికీ టెన్షనే. ఇద్దరు తల్లులు తోడొస్తామంటేనే ఆటో మాట్లాడతాను.