ప్రశ్నలు–జవాబులు: అమెరికా చేరిన తొలి అరబ్బులు

ప్రశ్న: మా పక్కింటి లెబనీస్ కుటుంబం వాళ్ల ముత్తాత 1909 ప్రాంతంలో వచ్చాడట. ఎల్లిస్ ఐలండ్ (న్యూయార్క్ రేవులో వలసవచ్చినవారిని తనిఖీ చేసిన కేంద్రం) రికార్డుల్లో ఎంత వెతికినా పేరు దొరకలేదు. అక్కడి అధికారులే పేరు మార్చేశారని వాళ్ల నమ్మకం. నిజమేనా? ఎలా వెతకాలి?
– పాఠకురాలు, డియర్‌బోర్న్ (మిషిగన్)

జవాబు: చాలా కుటుంబాల్లో ఈ మాట ఉంది గానీ, నిజం కాదు. ఎల్లిస్ ఐలండ్‌లో కొత్తగా పేర్లు రాసేవారు కాదు. ఓడ కంపెనీ బయల్దేరిన రేవులోనే తయారు చేసిన ప్రయాణికుల జాబితాను ముందు పెట్టుకుని సరిచూసేవారు. బేరూత్ నుంచి వచ్చినవాళ్లు ఎక్కువగా మార్సే మీదుగా ఫ్రాన్స్ దాటి హావ్ర్‌లోనో షెర్బూర్‌లోనో పెద్ద ఓడ ఎక్కారు. అంటే ఆ పేరు రాసింది చాలాసార్లు ఫ్రెంచి గుమాస్తా. ఉదాహరణకు షాహీన్ అనే పేరులోని ‘షా’ మనకు ఎస్-హెచ్‌తో మొదలైతే అతనికి సి-హెచ్‌తో మొదలవుతుంది. ‘ఊ’ వస్తే ఓ-యు రాస్తాడు. ముందు ఆ స్పెల్లింగులన్నీ వేసి చూడమనండి. ఇంటిపేరు స్థానంలో తండ్రి పేరు ఉండటం మామూలే, కాబట్టి ముత్తాత తండ్రి పేరుతోనూ వెతకాలి.

దేశం దగ్గర ‘లెబనాన్’ అని వెతికితే ఏమీ రాదు. అప్పటికి అదంతా ఒట్టోమన్ రాజ్యం. దేశం ‘టర్కీ’ అనీ, 1899 నుంచి జాతి గడిలో ‘సిరియన్’ అనీ ఉంటుంది.

అసలు ఓడ జాబితాతో మొదలుపెట్టడమే పొరపాటు. ముందు పౌరసత్వ దరఖాస్తు పట్టుకోవాలి. 1906 సెప్టెంబరు 27 నుంచి ఆ ఫారాలు దేశమంతా ఒకే నమూనాకు వచ్చాయి. ఓడ పేరు, దిగిన రేవు, తేదీ, పుట్టిన ఊరు అందులో రాయాలి. 1906 జూన్ 29 తర్వాత వచ్చినవారి దరఖాస్తుకు రాక ధ్రువపత్రం కూడా జతచేసేవారు. ఆ తేదీ చేతికొస్తే పేరు ఎంత వంకరగా రాసినా ఆ రోజు ఓడ జాబితాలో వరుసగా చూసి పట్టుకోవచ్చు. ముత్తవ్వ పేరున దరఖాస్తు లేకపోతే కంగారు పడక్కర్లేదు. 1922 దాకా భర్త పౌరసత్వమే భార్యకూ వర్తించేది.

జాబితా దొరికాక రెండో పేజీ తప్పక తెరవాలి. చాలామంది మొదటి పేజీ చూసి ఆగిపోతారు. ఎవరింటికి వెళ్తున్నాడు అన్నది ఉండేది అక్కడే. 1907 తర్వాతైతే స్వదేశంలో దగ్గరి బంధువు ఎవరన్నది మొదటి పేజీలోనే ఉంటుంది. పేరు పక్కన ‘ఎక్స్’ గుర్తు ఉంటే మనిషిని ఆపారని అర్థం. అందుకు ట్రకోమా అనే కంటిజబ్బు ఒక పెద్ద కారణం. కనురెప్ప తిరగేసి పరీక్షించేవారు. ఆ భయంతోనే కొందరు మెక్సికో మీదుగానో కెనడా మీదుగానో వచ్చారు. న్యూయార్క్‌లో జాడ లేకపోతే సరిహద్దు రికార్డులు చూడాలి.

ప్రశ్న: వాళ్లలో చాలామంది ఇల్లిల్లూ తిరిగి సరుకు అమ్మేవారని చదివాను. చేతిలో డబ్బులేకుండా వచ్చినవాళ్లకు పెట్టుబడి ఎక్కడిది?
– పాఠకుడు, గుంటూరు

జవాబు: అరువు సరుకే పెట్టుబడి. న్యూయార్క్ వాషింగ్టన్ వీధిలోని సిరియా టోకు వ్యాపారులు ఊరూరా ఉన్న చిన్న సరఫరాదారులకు సరుకు పంపేవారు. సరఫరాదారు తన ఊరివాళ్లకు, చుట్టాలకు అది అరువుకిచ్చి, ఎవరు ఏ దారిన వెళ్లాలో చెప్పేవాడు. పెట్టెలో సూదులు, దారం, బొత్తాలు, దువ్వెనలు, రిబ్బన్లు, లేసు, పవిత్రభూమి నుంచి తెచ్చామని చెప్పే జపమాలలు ఉండేవి. తిరిగొచ్చాక లెక్క తేల్చుకుని మళ్లీ నింపుకోవడమే. తాకట్టు ఏదీ లేదు, హామీ అంతా చుట్టరికమే. ఎగ్గొడితే పరువు పోయేది సొంత ఊళ్లో. ఆ సరఫరాదారే ఉత్తరాలు రాసిపెట్టేవాడు, డబ్బు దాచేవాడు, ఇంటికి పంపేవాడు.

ఆడవాళ్లూ పెట్టె మోశారు. పల్లె గృహిణి గుమ్మం లోపలికి వాళ్లను నమ్మకంగా రానిచ్చేది. వాళ్ల సంపాదన లేకుండా ఈ సమాజం అంత త్వరగా కొట్లు పెట్టుకోగలిగేది కాదని గట్టిగా చెప్పాలి. పోస్టులో సరుకు పంపే పెద్ద కంపెనీలు పల్లెలకు చేరాక తిరుగుడు బేరం తగ్గింది. కూడబెట్టినవాళ్లు కిరాణా కొట్లకు, కొత్తగా వచ్చినవాళ్లు డెట్రాయిట్ ఫోర్డ్ ఫ్యాక్టరీలకు మళ్లారు. ఫోర్డ్ 1914లో ప్రకటించిన రోజుకు 5 డాలర్ల కూలి పెద్ద ఆకర్షణ.

ప్రశ్న: అరబ్బులకు పౌరసత్వం సులువుగా వచ్చిందా?
– పాఠకుడు, వరంగల్

జవాబు: లేదు. 1790 నాటి చట్టం ‘తెల్లవారికే’ అంది. ఆఫ్రికా సంతతికి 1870లో దారి తెరిచింది. సిరియన్లు తెల్లవారా కాదా అని కోర్టుకో తీర్పు వచ్చింది. జార్జ్ డౌ అనే సిరియన్‌కు దక్షిణ కరొలినాలో కింది కోర్టు కాదంటే, 1915లో అప్పీలు కోర్టు అవునంది. ఇదే చట్టం కింద 1923లో భగత్ సింగ్ థింద్ కేసులో సుప్రీంకోర్టు భారతీయులకు తలుపు మూసింది. అది తెరుచుకున్నది 1946లో. యెమెన్ నుంచి వచ్చిన ముస్లిం దరఖాస్తును 1942లో డెట్రాయిట్ కోర్టు తోసిపుచ్చింది. రెండేళ్లకే మసాచుసెట్స్‌లో మరో అరబ్బు ముస్లింకు పౌరసత్వం దక్కింది. ఒక మనిషి జీవితం ఏ ఊరి జడ్జి ముందు నిలబడ్డాడన్న దానిపై ఆధారపడటం అన్యాయమే.

ప్రశ్న: మా హైదరాబాద్ బార్కస్ అరబ్బుల వంశాలనూ ఇలాగే వెతకొచ్చా?
– పాఠకుడు, చాంద్రాయణగుట్ట

జవాబు: దారి వేరు. వాళ్లు యెమెన్‌లోని హద్రమౌత్ నుంచి నిజాం సైన్యంలో కొలువుకు వచ్చారు. ఓడ జాబితాల కంటే కొలువు కాగితాలే ఆధారం. నిజాం కాలపు దఫ్తరాలు తార్నాకలోని రాష్ట్ర ఆర్కైవ్స్‌లో ఉన్నాయి. చాలావరకు ఫార్సీ, ఉర్దూ కాగితాలు కాబట్టి చదవగలవారిని వెంట తీసుకెళ్లండి. తాత పేరుతో పాటు తెగ పేరూ రాసుకుని వెళ్లండి, ఒకే పేరున్నవాళ్లు చాలామంది ఉంటారు.