స్పిన్నింగ్ రీల్ ఏ చేత్తో తిప్పాలి?

స్పిన్నింగ్ రీల్ అంటే గాలం రాడ్ కింద వేలాడుతూ దారం చుట్టే చక్రం. కుడిచేతి వాటం వాళ్లకి కొత్త రీల్ హ్యాండిల్ ఎడమవైపు కనిపిస్తే తప్పుగా బిగించారేమో అనిపిస్తుంది. తప్పేం కాదు. కుడిచేత్తో గాలం విసిరి, రాడ్ అదే చేతిలో ఉంచి, ఎడమచేత్తో చుట్టాలి. హ్యాండిల్ కుడివైపు ఉంటే విసిరాక రాడ్‌ని ఎడమచేతికి మార్చాలి; చేయి మార్చే ఆ క్షణంలోనే దారం వదులై చేప కొక్కెం విదిలించుకుంటుంది. పైగా పెనుగులాటలో బరువు మోసేది రాడ్ పట్టిన చెయ్యే. బలమైన చెయ్యి అక్కడుండాలి.

అయినా కుదరకపోతే ఎదుటి వైపు మూత విప్పి, హ్యాండిల్‌ని వెనక్కి తిప్పితే ఊడొస్తుంది, దాన్ని రెండోవైపు బిగించుకోవచ్చు. కొన్నిటికి రెండువైపులా మరలు వేర్వేరు. బిగుసుకుంటే బలవంతం చెయ్యొద్దు, మర పాడవుతుంది. ఖాళీ అయిన వైపు మూత మళ్లీ పెట్టండి, లేకపోతే ఇసుక బేరింగ్‌లోకి పోతుంది. రీల్‌ని రాడ్ పైకి తిప్పి, తలకిందులుగా చుట్టేవాళ్లూ ఉన్నారు. అది మాత్రం వద్దు.

బెయిట్‌కాస్టర్‌కి (రాడ్ పైన కూర్చునే రీల్‌కి) హ్యాండిల్ మార్చే ఈ వెసులుబాటు లేదు, కొనేటప్పుడే తేల్చుకోవాలి. ఉదాహరణకి షిమానో కంపెనీ కురాడో రీల్‌లో మోడల్ నంబరు 150 అంటే హ్యాండిల్ కుడివైపు, 151 అంటే ఎడమవైపు. సముద్రంలో ట్రోలింగ్ (కదిలే పడవ వెనక ఎర లాగుతూ పట్టడం) లెక్క వేరు: రాడ్ మొదలు నడుము బెల్టులో ఆనుతుంది, బలమంతా తిప్పడానికే కావాలి. అందుకే ఆ రీళ్లకి హ్యాండిల్ ఎక్కువగా కుడివైపే.