బ్యాండెల్ ఎలాంటి ఊరు? కొన్నేళ్ళు అక్కడ కాపురం ఉన్నదాన్నిగా చెబుతున్నాను

"మా వారికి పశ్చిమ బెంగాల్‌లోని బ్యాండెల్‌కి బదిలీ అయింది. నది ఒడ్డున పోర్చుగీసువాళ్ళు కట్టిన ఊరని విన్నాం. గోవాలా ఉంటుందా? పిల్లలతో ఉండొచ్చా?" అని అడిగారు కదా. పిల్లలతో నిక్షేపంగా ఉండొచ్చు. గోవాలా మాత్రం ఉండదండీ, ఆ ఆశ పెట్టుకుని దిగితే మొదటి రోజే నీరుగారిపోతారు. రంగురంగుల పాత ఇళ్ళు, పోర్చుగీసు పేర్ల వీధులు ఏమీ కనబడవు. చర్చి ఒక్కటే మిగిలింది. మీ కళ్ళ ముందు కనిపించే బ్యాండెల్ అంతా రైలు పెంచిన ఊరు. మా ఆయన రైల్వే సిగ్నల్ విభాగంలో పనిచేసేవారు, కాబట్టి నాకు ఆ వైపు కాస్త మొగ్గు ఉందనుకోండి. అయినా అక్కడ ఉన్నవాళ్ళెవరిని అడిగినా ఇదే చెబుతారు.

పోర్చుగీసువాళ్ళు ఇక్కడికి రావడానికి కారణం నదే. బ్యాండెల్ దాటగానే బర్ధమాన్ వైపు ఆదిసప్తగ్రామ్ అని చిన్న స్టేషన్ వస్తుంది. ఒకప్పుడు బెంగాల్‌కి పెద్ద రేవు సప్తగ్రామ్, సరస్వతి అనే పాయ మీద ఉండేది. పోర్చుగీసు వర్తకులు చిట్టగాంగ్‌ని పెద్ద రేవనీ, దీన్ని చిన్న రేవనీ పిలిచేవారు. 16వ శతాబ్దంలో ఆ పాయ ఇసుక మేటలు వేసి పూడిపోతూ వచ్చింది. ఓడలు అక్కడిదాకా రాలేక అసలు నది, అంటే హుగ్లీ నది మీదికి మళ్ళాయి. అక్బరు దగ్గర అనుమతి సంపాదించుకుని 1580 ప్రాంతంలో పోర్చుగీసువాళ్ళు బ్యాండెల్‌ని ఆనుకున్న హుగ్లీ ఊళ్ళో స్థిరపడ్డారు. 1599లో చర్చి కట్టారు. 'బందరు' అన్న మాట నుంచే బ్యాండెల్ వచ్చిందంటారు, మనవాళ్ళు మచిలీపట్నాన్ని బందరన్నట్టే.

వాళ్ళ వైభవం యాభై ఏళ్ళకే ముగిసింది. వాళ్ళేమీ అమాయకపు వ్యాపారులు కారు. నది మీద పోయే సరుకుకి సుంకాలు గుంజడం, మనుషుల్ని పట్టుకుని బానిసలుగా అమ్మడం, దోపిడీ ముఠాలతో చేతులు కలపడం అన్నీ ఉన్నాయి. 1632లో షాజహాన్ హుకుం మీద బెంగాల్ సుబేదారు కాసిం ఖాన్ సైన్యం వచ్చి హుగ్లీని నెలల తరబడి ముట్టడించి పట్టుకుంది. చర్చి నేలమట్టమైంది. బందీలను ఆగ్రాకి నడిపించారు.

ఇక్కణ్ణుంచి కథలు మొదలవుతాయి. బందీల్లో ఉన్న ఫాదర్ జోవా ద క్రూజ్‌ని ఏనుగు కాళ్ళ కింద పడేస్తే, ఆ ఏనుగు తొక్కకుండా తొండంతో ఎత్తి వీపు మీద కూర్చోబెట్టుకుందనీ, అది చూసి చక్రవర్తి మనసు మారి 777 బిఘాల (బిఘా అక్కడి భూమి కొలత) భూమి పన్ను లేకుండా ఇచ్చాడనీ చెబుతారు. ముట్టడి రోజుల్లో టియాగో అనే వర్తకుడు మేరీమాత విగ్రహాన్ని పట్టుకుని నదిలో దూకాడనీ, ఆ విగ్రహం ఎన్నో ఏళ్ళ తర్వాత తనంతట తనే ఒడ్డుకి చేరిందనీ ఇంకొకటి. మా పక్కింటి మాషీమా (బెంగాలీలో పిన్నిగారన్నట్టు) ఈ రెండూ ఎంత నమ్మకంగా చెప్పేదంటే, ఏనుగు సంగతి నేను నమ్మనని ఆవిడతో ఎప్పుడూ అనలేకపోయాను. ఆవిడ క్రైస్తవురాలు కాదు, ఏటా దుర్గాపూజకి ఉపవాసం ఉండే మనిషి. చర్చిలో కొవ్వొత్తి వెలిగించడం కూడా ఆవిడ మానదు. ఊళ్ళో చాలామంది అంతే.

ఇప్పుడున్న చర్చి 1660లో గోమెజ్ ద సోటో కట్టించినది. పాత చర్చి తాలూకు 1599 అని చెక్కిన రాయిని తూర్పు ద్వారం మీద పెట్టారు. లోపలికి వెళ్ళేటప్పుడు తల ఎత్తి చూడండి, నూటికి తొంభై మంది చూడకుండానే వెళ్ళిపోతారు. మెట్లెక్కి పైకి వెళితే నదివైపు 'శుభయాత్ర మాత' విగ్రహం ఉంటుంది. సముద్రంలో తుఫానుకి చిక్కి బతికి బయటపడిన ఓ కెప్టెన్ మొక్కు తీర్చుకోవడానికి తన ఓడ స్తంభాన్నే తెచ్చి ఇచ్చాడని అంటారు. 1988లో పోపు ఈ చర్చికి బసిలికా, అంటే విశిష్ట చర్చి హోదా ఇచ్చారు. డిసెంబరు చివర్లో కోల్‌కతా అంతా ఇక్కడే ఉన్నట్టుంటుంది. సరిగ్గా 25నాడు, జనవరి 1నాడు సందర్శకులను లోపలికి రానివ్వరు, అది తెలియక లోకల్ నిండా దిగి గేటు బయట నిలబడే జనాన్ని ఏటా చూసేదాన్ని. ఫిబ్రవరిలో మామూలు రోజున పొద్దున్నే వెళ్ళండి.

బ్యాండెల్ చీజ్ గురించి కూడా ఎక్కడో చదివే ఉంటారు. పోర్చుగీసువాళ్ళ పద్ధతిలో చేసే చిన్న చిన్న బిళ్ళలు, తెల్లవి కొన్ని, పొగపెట్టినవి కొన్ని. ఉప్పు కషాయం, రాత్రంతా నీళ్ళలో నానబెట్టి తినాలి. చిత్రమేమిటంటే బ్యాండెల్ బజార్లో అడిగితే మన మొహంలోకి వింతగా చూస్తారు. అది దొరికేది కోల్‌కతా న్యూ మార్కెట్‌లో.

ఇక రైలు. తూర్పు భారతంలో మొదటి ప్రయాణికుల రైలు 1854 ఆగస్టు 15న హౌరా నుంచి హుగ్లీకి నడిచింది. బొంబాయి కంటే ఏడాది ఆలస్యం. ఆ ఆలస్యానికి కారణాలు భలే ఉంటాయి. నమూనా రైలు పెట్టెలు తెస్తున్న ఓడ నది ముఖద్వారం దగ్గర మునిగిపోయింది. ఇంజన్ తెస్తున్న ఓడ దారి తప్పి ఆస్ట్రేలియా వెళ్ళింది. ఇవి చాలవన్నట్టు, దారిలో చందన్‌నగర్ ఫ్రెంచివాళ్ళది కాబట్టి వాళ్ళ నేల మీద పట్టాలు వేయడానికి వాళ్ళ అనుమతి తెచ్చుకోవాల్సి వచ్చింది.

బ్యాండెల్‌ని జంక్షన్‌గా నిలబెట్టింది మాత్రం జూబిలీ బ్రిడ్జి. హౌరా దాకా బొగ్గూ ధాన్యమూ వచ్చేవి, కాని అవతలి ఒడ్డున ఉన్న కలకత్తా రేవుకి రైల్లో చేరే దారి లేదు. బ్యాండెల్ దగ్గర నదిని దాటించి నైహాటికి కలిపితే అటువైపు లైను దొరుకుతుంది. 1887 ఫిబ్రవరిలో, విక్టోరియా రాణి స్వర్ణోత్సవ సంవత్సరంలో, ఆ వంతెన తెరిచారు. నట్లు, బోల్టులు లేకుండా మొత్తం రివెట్లతో బిగించిన కట్టడమని మా ఆయన వచ్చిన చుట్టాలందరికీ విసుగులేకుండా చెప్పేవారు. 2016 ఏప్రిల్లో దానికి విశ్రాంతినిచ్చి, పక్కనే కట్టిన సంప్రీతి సేతు మీదికి రైళ్ళను మళ్ళించారు. వంతెన ఎత్తుకి తగ్గట్టు హుగ్లీ ఘాట్ స్టేషన్ కూడా ఎత్తు మీదే ఉంటుంది, అక్కడ ప్లాట్‌ఫారం మీద నిలబడితే నది గాలి ఉచితం.

హౌరా, బర్ధమాన్, కాట్వా, నైహాటి, ఇలా నాలుగు వైపులకీ బ్యాండెల్ నుంచి లైన్లున్నాయి. ఇన్ని పట్టాలు కలిసే చోట ఏ రైలు ఏ దారిన పోవాలో చూసే సిగ్నల్ ఏర్పాటు మామూలు పని కాదు. మేం వచ్చేశాక 2022 మే నెలలో రైళ్ళు ఆపి మరీ కొత్త ఎలక్ట్రానిక్ ఇంటర్‌లాకింగ్ పెట్టారు. 1002 రూట్లు, ప్రపంచంలో ఇదే పెద్దదని రైల్వే ప్రకటించింది. అంతకుముందు 800 రూట్లతో ఖరగ్‌పూర్ పేరు చెప్పేవారు. మన తెలుగువాళ్ళు ఎక్కువగా ఉండే ఖరగ్‌పూర్‌ని దాటేశారని మా ఆయన రెండు రోజులు ముభావంగా ఉన్నారంటే నమ్మండి.

చుట్టుపక్కల చూడ్డానికి సెలవురోజులు చాలవు. హుగ్లీ ఇమాంబారా (షియా ముస్లింల ప్రార్థనా మందిరం) దగ్గరే, హాజీ మొహమ్మద్ మొహ్సిన్ ఇచ్చిన ఆస్తి ఆదాయంతో 1841లో మొదలుపెట్టి 1861కి పూర్తిచేశారు. గడియారపు గోపురం 152 మెట్లు, ఆడవాళ్ళకి వేరే మెట్లదారి. దాని వెనక నది ఒడ్డున కూర్చోవడం నాకు చర్చి కన్నా ఎక్కువ ఇష్టం. చుంచుడా డచ్చివాళ్ళది, చందన్‌నగర్ ఫ్రెంచివాళ్ళది, శ్రీరాంపూర్ డేన్లది, అన్నీ ఒకే లోకల్ లైను మీద వరసగా వస్తాయి. మా అత్తగారిది యానాం దగ్గర పల్లె. చందన్‌నగర్ స్ట్రాండ్ మీద నడుస్తూ "ఇదీ మన ఫ్రెంచోళ్ళదేనా?" అని ఎంత సంబరపడ్డారో. కాట్వా లైనులో బాంశ్‌బేరియా హంసేశ్వరి గుడి తప్పక చూడండి, పద్మం మొగ్గల్లాంటి శిఖరాలతో అలాంటి గుడి నేను ఇంకెక్కడా చూడలేదు.

అన్నిటికన్నా మీకు ముందు చెప్పాల్సింది దేవానందపూర్. 'దేవదాసు' రాసిన శరత్‌బాబు, అదే శరత్‌చంద్ర చటర్జీ, 1876లో పుట్టింది అక్కడే, బ్యాండెల్ స్టేషన్ నుంచి టోటో (బ్యాటరీ రిక్షా) ఎక్కితే కాసేపట్లో దిగుతారు. శరత్‌ని తెలుగు రచయితే అనుకుని పెరిగిన ఇళ్ళు మనవైపు ఎన్నో ఉన్నాయి, మాదీ అలాంటిదే. మా అమ్మ వచ్చినప్పుడు చర్చికి రమ్మంటే మోకాళ్ళ నొప్పులంది, దేవానందపూర్ అనేసరికి చెప్పులేసుకుని గుమ్మంలో నిలబడింది.

కాపురం సంగతులు చెబుతాను. ఇల్లు పై అంతస్తులోనే తీసుకోండి. వానాకాలంలో కింద ఇళ్ళకి చెమ్మ ఎక్కుతుంది, కొన్ని వీధుల్లో నీళ్ళు నిలుస్తాయి. మా మొదటి ఇల్లు చూపించిన బ్రోకరు ఆ విషయం నోట రానివ్వలేదు, బీరువా అడుగు నాచు పట్టాక గాని మాకు తెలియలేదు. ఏప్రిల్, మే నెలల ఉక్కపోత మన కోస్తా వాళ్ళకి కొత్త కాదు. పిల్లల చదువుకి డాన్ బాస్కో, అమ్మాయిలకి ఆక్సిలియం కాన్వెంట్ ఉన్నాయి, సీట్ల కోసం బదిలీ ఆర్డరు చేతికి రాగానే కనుక్కోవడం మొదలుపెట్టండి. రైల్వే కాలనీ వైపు హిందీతో నడిచిపోతుంది. బజార్లో నాలుగు బెంగాలీ ముక్కలు వస్తే చేపలవాడు కూడా మర్యాదగా తూస్తాడు. చెరువు చేప, హిల్సా అంటే ఇష్టమైతే మీ పంట పండినట్టే. శాకాహారులైతే కొంచెం కష్టం, కందిపప్పు దొరుకుతుంది గాని గోంగూర కోసం వెతుక్కోవాలి.

తెలుగు మాట వినబడదేమోనని టెన్షన్ వద్దు. హుగ్లీ నదికి రెండు వైపులా జనపనార మిల్లుల్లో పనికని శ్రీకాకుళం, గంజాం వైపు నుంచి తరాల కిందట వచ్చినవాళ్ళు ఉన్నారు. చాలా మిల్లులు ఇప్పుడు అరకొరగానే నడుస్తున్నాయి. బ్యాండెల్‌ని ఆనుకున్న సాహాగంజ్‌లో 1936లో మొదలైన డన్‌లప్ టైర్ల ఫ్యాక్టరీ కూడా మూతపడి చాలా ఏళ్ళయింది, ఆ దెబ్బ ఊరి అంగళ్ళ మీద కనిపిస్తుంది. మిల్లు కూలీల ఇళ్ళ వరసల నుంచి లోకల్ రైల్లో కూరగాయలు అమ్మడానికి వచ్చే ఒకావిడ నా ఫోను మాటలు విని "ఏ ఊరమ్మా మీది?" అని అడిగింది. అప్పటి నుంచి మా గోంగూర ఆవిడ దగ్గరే.

ఉద్యోగం కోల్‌కతాలో చూసుకుందామనుకుంటే హౌరాకి లోకల్లో గంట పైచిలుకు. కొన్ని స్టేషన్లు వదిలేసి పోయే బండ్లని అక్కడ 'గ్యాలపింగ్' అంటారు, అది దొరికితే ఇంకాస్త ముందే చేరతారు. రైలు బ్యాండెల్‌లోనే బయల్దేరుతుంది కాబట్టి పొద్దున సీటు దొరకడం ఖాయం. సాయంత్రం హౌరాలో మాత్రం తోపులాటే, లేడీస్ పెట్టె ఎక్కడ ఆగుతుందో మొదటి వారంలోనే గుర్తుపెట్టుకోండి. మన వైపు నుంచి వచ్చేటప్పుడు ఫలక్‌నుమా హౌరాకే వస్తుంది, దిగి అక్కడే లోకల్ మారొచ్చు. షాలిమార్‌లో ఆగే బండి ఎక్కితే సామాన్లతో టాక్సీ వెతుక్కోవాలి, టికెట్ తీసేటప్పుడే చూసుకోండి.