అత్తగారికి చిక్కిపోయాను, అమ్మాయికి లావయ్యాను... ఇంతకీ నేను ఎలా ఉన్నట్టు?

ప్రశ్న: నా వయసు 43. మాది నెల్లూరు దగ్గర పల్లెటూరు. పెళ్ళయినప్పటి నుంచి చెన్నై వేళచ్చేరిలో ఉంటున్నాము. ఓఎంఆర్‌లో ఒక కంపెనీలో అకౌంట్స్ చూస్తాను. ఎత్తు 157 సెంటీమీటర్లు, బరువు 60 కిలోలు. పెళ్ళినాటికి 48 కిలోలు ఉండేదాన్ని. సంక్రాంతికి ఊరెళ్తే మా అత్తగారు ‘ఏమ్మా, ఇట్లా చిక్కిపోయినావు?’ అన్నారు. పదకొండో తరగతి చదివే మా అమ్మాయి మాత్రం నాలా లావయిపోతానేమోనని రాత్రిపూట అన్నం మానేసింది. దానికి 16 ఏళ్ళు, ఎత్తు 160, బరువు 46 కిలోలు. మూడు నెలలుగా నెలసరి రాలేదు. ఫోన్‌లోని యాప్ నా బీఎంఐ (ఎత్తుకు తగ్గ బరువు ఉందో లేదో చూసే లెక్క) మామూలుగానే ఉందంటోంది. కంపెనీ హెల్త్ చెకప్‌లో మాత్రం ఓవర్ వెయిట్ అని రాశారు. నడుము 86 సెం.మీ., హెచ్‌బిఎ1సి (మూడు నెలల సగటు షుగర్) 5.9, ట్రైగ్లిజరైడ్లు (రక్తంలోని ఒక రకం కొవ్వు) 182, హెచ్‌డిఎల్ (మంచి కొలెస్ట్రాల్) 44 ఉన్నాయి. బీపీ, పరగడుపు షుగర్, థైరాయిడ్ బాగానే ఉన్నాయన్నారు. నేను ఎవరి మాట నమ్మాలి?
– ఒక పాఠకురాలు, చెన్నై

జవాబు: ముందుగా మీరు అడిగినదానికి సూటిగా చెబుతాను. మీరు చిక్కిపోలేదు. మిమ్మల్ని చూసి లావుగా ఉన్నారని అనేవారు కూడా బయట తక్కువే ఉంటారు. అయితే పొట్ట లోపల చేరిన కొవ్వు ప్రభావం మీ రక్తపరీక్షల్లో అప్పుడే కనిపిస్తోంది కాబట్టి ఈ రిపోర్టును బీరువాలో పెట్టి మరిచిపోకండి. ఆడవారిలో నడుము 80 సెం.మీ. దాటడం, ట్రైగ్లిజరైడ్లు 150 దాటడం, హెచ్‌డిఎల్ 50 కంటే తగ్గడం, బీపీ 130/85కు చేరడం, పరగడుపు షుగర్ 100కు చేరడం అనే అయిదింటిలో ఏ మూడు ఉన్నా మా వైద్యులం దాన్ని మెటబాలిక్ సిండ్రోమ్ అంటాము, అంటే షుగర్, గుండె జబ్బుల ముప్పును పెంచే లక్షణాల గుంపు. మీకు మొదటి మూడూ ఉన్నాయి. హెచ్‌బిఎ1సి 5.7 నుంచి 6.4 వరకు ఉంటే మధుమేహానికి ముందు దశగా లెక్క, మీది 5.9. కంగారు పడవలసినంతగా ఏమీ ముదరలేదు, మందు బిళ్ళ లేకుండానే చాలావరకు వెనక్కి మళ్ళించుకోగల దశలోనే ఉన్నారు.

మీ అత్తగారి మాటను కొట్టిపారేయకండి. ఆవిడ తరంలో మనిషి ఉన్నట్టుండి సన్నబడితే ఇంట్లోవారికి ముందు తోచేది జబ్బే. క్షయ అనే పేరులోనే తరిగిపోవడం ఉంది. మన నగరంలోని చేట్‌పట్‌లో క్షయ చికిత్సా పరిశోధన కేంద్రం 1956లో మొదలైనప్పుడు, రోగిని శానిటోరియంలో (క్షయ రోగులను నెలల తరబడి ఉంచే ఆసుపత్రిలో) చేర్చాలా, ఇంటి దగ్గర ఉంచి మందులిస్తే సరిపోతుందా అన్నది కూడా తేలని ప్రశ్నే. ఇంటి దగ్గరి చికిత్స కూడా అంత బాగానూ పనిచేస్తుందని 1959లో చూపింది ఇక్కడి పరిశోధనే. అటువంటి రోజుల్లో పెరిగినవారికి నిండైన ఒళ్ళంటే తిండికి లోటు లేదని, రోగం దరిచేరలేదని గుర్తు. కొత్తగా కాపురానికి వెళ్ళిన పిల్ల బుగ్గలు వచ్చి తిరిగొస్తే ‘ఆ ఊరి నీళ్ళు పడ్డాయి’ అని పుట్టింటివారు సంతోషపడేవారు. ఆ భయం ఇప్పటికీ పనికొచ్చే సందర్భం ఒకటుంది. తిండి తగ్గించకుండా, ఏ ప్రయత్నమూ చేయకుండా ఆరు నెలల నుంచి ఏడాది లోపల బరువులో అయిదు శాతం, అంటే మీ విషయంలో మూడు కిలోలు తగ్గితే, ఎవరో మెచ్చుకున్నారని ఊరుకోకుండా షుగర్, థైరాయిడ్, క్షయ, క్యాన్సర్‌ల కోసం పరీక్ష చేయించుకోవాలి. మీకు అలా జరగలేదు కాబట్టి ఆవిడ ఆదుర్దాను ప్రేమగానే తీసుకోండి.

అయితే 12 కిలోలు పెరిగిన మనిషి చిక్కినట్టు ఎలా కనిపిస్తుంది? కంటికి సొంత కొలబద్ద ఉండదు, చుట్టూ ఉన్నవారిని బట్టి చూస్తుంది. కాసేపు లావుపాటి శరీరాల బొమ్మలు చూపించి ఆ తరువాత మధ్యస్థంగా ఉన్న మనిషిని చూపిస్తే సన్నగా కనిపిస్తారని, ముందు బాగా సన్నని బొమ్మలు చూపిస్తే అదే మనిషి లావుగా కనిపిస్తారని మనస్తత్వ పరిశోధకులు ప్రయోగాలలో గమనించారు. 2019–21లో జరిగిన జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో తమిళనాట 15–49 ఏళ్ళ స్త్రీలలో నూటికి 40 మంది బీఎంఐ 25 లేదా అంతకు పైన ఉంది. ఇంతమంది మధ్య తిరిగే కంటికి మీ 60 కిలోలు సన్నగానే ఆనుతాయి. మీ అమ్మాయి కన్ను కూడా ఇలాగే పనిచేస్తోంది, కాకపోతే ఆ కంటి ముందు రోజంతా తిరిగేది ఫోన్‌లోని నాజూకు బొమ్మలు.

మన ఒంటి మార్పు మనకే తెలియకుండా దాచేవి బట్టలు. ఒకావిడ, పెళ్ళినాటి జాకెట్టే ఇప్పటికీ పడుతోందని, తన ఒళ్ళు ఏమీ మారలేదని నాతో ఎంతో నమ్మకంగా చెప్పారు. ఆ రోజు ఆవిడ వేసుకున్నది కూడా ఆ జాకెట్టే. బీపీ పట్టీ కట్టడానికి నర్సు చేతి అంచును పైకి మడిచినప్పుడు లోపలి కుట్టు బయటికి తిరిగింది. దర్జీ విప్పేసిన పాత కుట్ల గీతలు ఒకదాని పక్కన ఒకటి మూడు ఉన్నాయి. దారం పోయినా సూది రంధ్రాలు వరుసగా కనిపిస్తున్నాయి, ఆ గీతల మధ్య గుడ్డ మాత్రం వెలిసిపోకుండా కొత్త రంగులోనే ఉంది. ఆవిడ నాతో అబద్ధం ఆడలేదు. కుట్లు ఎప్పుడు వదులు చేయించారో నిజంగానే గుర్తు లేదు. మగవారిలోనూ ఇలాంటిది తరచుగా చూస్తాను. ఇరవై ఏళ్ళుగా 34 సైజు ప్యాంటే వేస్తున్నానంటారు, బెల్టు మాత్రం ఏటేటా పొట్ట కిందికి జారుతూ ఉంటుంది.

ఇక యాప్‌కూ కంపెనీ రిపోర్టుకూ తేడా ఎందుకు వచ్చిందో చెప్పాలి, ఎందుకంటే మా వైద్యుల కొలతలు కూడా కాలంతో పాటు మారాయి. కిలోల్లో బరువును మీటర్లలో ఎత్తుతో రెండుసార్లు భాగించే ఈ బీఎంఐ లెక్క 19వ శతాబ్దంలో బెల్జియం గణిత శాస్త్రవేత్త అడాల్ఫ్ కెట్లే వేసినది. జబ్బు కనిపెట్టడానికి కాకుండా జనాభాలో సగటు మనిషిని లెక్కగట్టడానికి ఆయన దాన్ని వాడారు. బీఎంఐ అనే పేరు 1972లో వచ్చింది. అమెరికాలో 1998 వరకు ఆడవారికి 27.3, మగవారికి 27.8 దాటితేనే అధిక బరువు అనేవారు. ఆ ఏడు హద్దును 25కు దించడంతో, ఒంట్లో ఏ మార్పూ లేకుండానే కోట్ల మంది అధిక బరువు జాబితాలో చేరారు. భారతీయులకు 23 నుంచి అధిక బరువుగా, 25 నుంచి ఊబకాయంగా లెక్కించాలని మన నిపుణులు 2009లో నిర్ణయించారు. మీ బీఎంఐ 24.3. యాప్ 25 హద్దును పట్టుకుంది, కంపెనీ 23ను పట్టుకుంది. మనకు రెండోదే తగినది.

మనకు వేరే హద్దు ఎందుకంటే, అదే బరువులో మనవారికి కండ తక్కువ, కొవ్వు ఎక్కువ, ఆ కొవ్వు కూడా పొట్టలో, కాలేయంలో చేరుతుంది. పుణె వైద్యుడు చిత్తరంజన్ యాజ్ఞిక్, లండన్ వైద్యుడు జాన్ యుడ్కిన్ 2004లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో తమ ఇద్దరి ఫోటోను పక్కపక్కన ప్రచురించారు. ఇద్దరి బీఎంఐ 22.3, యుడ్కిన్ ఒంట్లో కొవ్వు 9.1 శాతం ఉంటే, చూడడానికి అంతే సన్నగా ఉన్న యాజ్ఞిక్ ఒంట్లో 21.2 శాతం ఉంది. చేతులు కాళ్ళు పుల్లల్లా ఉండి పొట్ట ముందుకు వచ్చిన మనిషిని మన ఇళ్ళలో ‘సన్నగానే ఉన్నాడు, వీడికి షుగరేమిటి’ అంటుంటారు. నేను అందరికంటే ఎక్కువ జాగ్రత్తగా చూసేది అటువంటివారినే.

ఇంట్లో చూసుకోవడానికి ఒక దారం చాలు. మీ ఎత్తుకు సరిగ్గా కత్తిరించి, సగానికి మడిచి, నడుము చుట్టూ తిప్పండి. చివరి పక్కటెముకకూ తుంటి ఎముక పైఅంచుకూ మధ్యన, మామూలుగా ఊపిరి వదిలాక చూడాలి. పొట్ట లోపలికి లాగకూడదు. రెండు కొసలూ కలిస్తే మంచిది. మీకు సగం ఎత్తు 78.5 సెం.మీ., నడుము 86. కనుక ఏడున్నర సెంటీమీటర్లు అందదు. నెలకోసారి ఇలా చూసుకుంటే రోజూ బరువు మిషన్ ఎక్కనవసరం లేదు.

పెళ్ళినాటి 48 కిలోలకు తిరిగి వెళ్ళాలని పెట్టుకోకండి. మూడున్నర కిలోలు తగ్గితే మీ బీఎంఐ 23 లోపలికి వస్తుంది. అంత తగ్గకపోయినా మేలు ఉందని చెప్పే గట్టి ఆధారం మన ఊళ్ళోనే పుట్టింది. డాక్టర్ ఎ. రామచంద్రన్ బృందం మధుమేహానికి ముందు దశలో ఉన్న 531 మందితో చేసి 2006లో ప్రచురించిన ఇండియన్ డయాబెటిస్ ప్రివెన్షన్ ప్రోగ్రామ్‌లో, తిండి, నడక మార్చుకున్నవారికి మధుమేహం వచ్చే అవకాశం 28.5 శాతం తగ్గింది. చెప్పుకోదగ్గంత బరువు మాత్రం వారు తగ్గలేదు. అంటే ‘తగ్గావే!’ అని ఒక్కరూ అనకపోయినా లోపల పని జరుగుతూ ఉండవచ్చు. ఆ మాట వినపడలేదని రెండు నెలలకే మానేసేవారిని చూస్తే నాకు నిజంగా బాధ కలుగుతుంది.

మన దేశంలో తిండి నుంచి వచ్చే శక్తిలో దాదాపు 62 శాతం పిండిపదార్థాలదేనని చెన్నై కేంద్రంగా సాగిన ఐసీఎంఆర్–ఇండియాబ్ అధ్యయనం చెప్పింది. కాబట్టి ముందు పళ్ళెంలో అన్నాన్ని మూడో వంతు తగ్గించి ఆ చోట కూర, పప్పు, పెరుగు పెంచండి. ఉదయం నాలుగు ఇడ్లీల బదులు రెండు తిని ఒక గుడ్డు తినండి, లేదా పెసరట్టు వేసుకోండి. చేపల పులుసు రోజున పులుసు కోసం రెండోసారి అన్నం కలుపుకోకుండా ఇంకో ముక్క వేసుకోండి. కాఫీలో చక్కెర నెమ్మదిగా తగ్గించండి. భోజనం తరువాత పది పదిహేను నిమిషాలు నడవండి. వారానికి మొత్తం 150 నిమిషాల చురుకైన నడక కావాలి. చేతులు ఆనించకుండా కుర్చీలోంచి పదిసార్లు లేచి కూర్చోవడం రోజుకు రెండు విడతలు చేస్తే తొడల కండ నిలుస్తుంది. ఈ మధ్య అందరూ అడుగుతున్న బరువు తగ్గించే ఇంజెక్షన్లు మీ బీఎంఐ ఉన్నవారి కోసం కావు, వాటి జోలికి వెళ్ళకండి. మూడు నెలల తరువాత హెచ్‌బిఎ1సి, కొవ్వు పరీక్షలు మళ్ళీ చేయించండి.

మీ విషయం కంటే మీ అమ్మాయి విషయం ముందు చూడాలి. 18 ఏళ్ళ లోపు పిల్లలకు పెద్దల బీఎంఐ హద్దులు వర్తించవు, వయసును బట్టి చార్టులో చూడాలి. ఆ ప్రకారం 160 సెం.మీ. ఎత్తుకు 46 కిలోలు మామూలు పరిధిలోనే ఉన్నాయి, తగ్గవలసినది ఏమీ లేదు. రాత్రి తిండి మానడం, మూడు నెలలు నెలసరి ఆగడం రెండూ కలిసి వస్తే మాత్రం ఆలస్యం చేయకూడదు. ఒంటికి కావలసినంత తిండి అందనప్పుడు మెదడు ముందుగా ఆపే పనులలో నెలసరి ఒకటి. ఎముకలు గట్టిపడే ఈ వయసులో అది కొనసాగితే ఆ నష్టం తరువాత పూర్తిగా తీరకపోవచ్చు. థైరాయిడ్, పీసీఓఎస్ (హార్మోన్ల తేడాతో నెలసరి తప్పే సమస్య) వంటి కారణాలు కూడా ఉండవచ్చు కనుక ఈ వారంలోనే స్త్రీల వైద్యురాలికి చూపించండి. తిన్న వెంటనే బాత్రూంలోకి వెళ్ళి తలుపు వేసుకోవడం, అన్నం దాచేయడం, కళ్ళు తిరగడం, రోజూ గంటల తరబడి వ్యాయామం చేయడం గమనిస్తే మానసిక వైద్యుల సాయం కూడా కావాలి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ కేంద్రమైన టెలీ మానస్ 14416 నంబరుకు ఫోన్ చేస్తే తెలుగులో మాట్లాడవచ్చు. ఇంట్లో లావు, సన్నం అనే మాటలు కొన్నాళ్ళు ఎవరి గురించీ రానివ్వకండి, అద్దం ముందు నిలబడి మీ గురించి మీరు అనుకునేవి కూడా. రాత్రి ఇంట్లో అందరూ కలిసి ఒకే వంట తినండి. అమ్మాయికి వేరే పథ్యం, మీకు వేరే పథ్యం వద్దు. వైద్యురాలి దగ్గరకు వెళ్ళేటప్పుడు చివరిసారి నెలసరి వచ్చిన తేదీ, ఆరు నెలల కిందటి బరువు కాగితం మీద రాసుకుని తీసుకువెళ్ళండి. ఆమె ముందుగా అడిగేవి ఆ రెండే.