పిల్లలు, పెద్దవాళ్లతో అరకులో రెండు రోజుల గ్లాంపింగ్ హాయిగా గడవాలంటే ఎలా?

మంచం, పరుపు, కరెంటు ఉన్న గుడారంలో బసే గ్లాంపింగ్. పెద్దవాళ్లు వస్తున్నారు కాబట్టి బుక్ చేసేముందు బాత్రూమ్ గుడారానికి ఆనుకునే ఉందా, వేడినీళ్లు వస్తాయా అని ఫోన్ చేసి అడగండి. రాత్రిపూట చలిలో, చీకట్లో బయటికి నడవాల్సి వస్తే వాళ్లకు విశ్రాంతి ఉండదు.

నవంబరు, డిసెంబరు నెలలు నాకు చాలా ఇష్టం. వలిసె పూలతో పొలాలన్నీ పసుపుపచ్చగా మెరుస్తాయి. అయితే చలి గట్టిగానే ఉంటుంది, రాత్రి 10 డిగ్రీల లోపుకీ దిగుతుంది. గుడ్డ గోడలు చలిని పెద్దగా ఆపవు. పైగా మన ఊపిరిలోని తేమ లోపలివైపు చల్లటి గుడ్డకు తగిలి నీటిబొట్లుగా మారుతుంది. అందుకే తలుపు జిప్ పైన కొంచెం తెరిచి ఉంచి, మంకీ క్యాపులు, సాక్సులు వేసుకుని పడుకోండి. బొగ్గుల కుంపటి మాత్రం లోపల పెట్టకండి, ప్రాణాలకే ప్రమాదం.

విశాఖ నుంచి పొద్దున బయలుదేరే కిరండూల్ రైల్లో వెళ్తే నాలుగు గంటలు పడుతుంది. సొరంగాలు వచ్చినప్పుడల్లా పిల్లలకు పండగే. బొర్రా గుహల్లో మెట్లు చాలా ఎక్కువ, మోకాళ్ల నొప్పులుంటే ఈసారికి వదిలేయండి. సాయంత్రం వేడివేడి బొంగు చికెన్ తెప్పించుకుని గుడారం ముందే కూర్చోండి.