క్రియాటినిన్ 1.8 వచ్చింది, మూత్రం మాత్రం బాగానే వస్తోంది. నీళ్ళు ఎక్కువ తాగితే తగ్గుతుందా?

మీరు అడిగింది క్లుప్తంగా ఇదీ: నాన్నగారికి 58 ఏళ్ళు, పదేళ్ళుగా షుగరు. క్రియాటినిన్ 1.8 వచ్చింది. ల్యాబు కాగితం మీద 1.3 దాకా నార్మల్ అని ఉంది కాబట్టి తేడా అరపాయింటే. మూత్రం ధారాళంగా వస్తోంది, కాళ్ళ వాపు లేదు. రోజుకి ఐదు లీటర్ల నీళ్ళు తాగమని ఒకరు చెప్పారు, బీపీకి వాడే టెల్మిసార్టాన్ కిడ్నీలని తినేస్తుంది ఆపేయమని ఇంకొకరు చెప్పారు.

రెండు సలహాలూ పక్కన పెట్టండి. ఆ అరపాయింటుని మాత్రం చిన్నదనుకోవద్దు. ఎందుకో తెలియాలంటే కిడ్నీ లోపల జరిగేది కాస్త వివరంగా చూడాలి.

నడుముకి పైన, పొట్ట వెనకాల, వెన్నెముకకి చెరోపక్క ఒక్కో కిడ్నీ. పొడవు 10 నుంచి 12 సెంటీమీటర్లు, బరువు సుమారు 150 గ్రాములు. పైన లివర్ ఉంటుంది కనుక కుడిది కొంచెం కిందికి ఉంటుంది. ఒక్కోదానిలో దాదాపు పది లక్షల నెఫ్రాన్లు, అంటే ఒక్కో సన్నటి గొట్టం తగిలించి ఉన్న చిన్న చిన్న వడపోత యూనిట్లు. మనిషి పుట్టాక కొత్త నెఫ్రాన్ ఒక్కటి కూడా తయారవదు. పోయింది పోయినట్టే, మిగిలినవే ఆ పని కూడా నెత్తికెత్తుకుంటాయి.

కిడ్నీని అందరూ జల్లెడతో పోలుస్తారు. అది సగమే నిజం. సంక్రాంతికి ఇల్లు దులిపేటప్పుడు సామానంతా వసారాలోకి తెచ్చి పడేసి, కావలసినవి ఏరి మళ్ళీ లోపల సర్దుకుని, మిగిలింది పెంటకుప్ప మీద పారేస్తామే, కిడ్నీ పని అచ్చం అలా ఉంటుంది. నిమిషానికి ఒక లీటరు పైగా రక్తం కిడ్నీలకి వస్తుంది. గ్లోమెరులస్ అనే సన్నటి రక్తనాళాల ఉండలోంచి నిమిషానికి సుమారు 125 మిల్లీలీటర్ల ద్రవం అవతలికి దిగుతుంది. రోజుకి లెక్కేస్తే 180 లీటర్లు, అంటే 20 లీటర్ల వాటర్ క్యాన్లు తొమ్మిది. ఉప్పు, చక్కెర, అమైనో ఆమ్లాలు, యూరియా, క్రియాటినిన్ అన్నీ కలిసే దిగుతాయి. రక్తకణాలు, ప్రోటీన్లు మాత్రం ఆగిపోవాలి. ఆ తరవాత గొట్టం పొడవునా ఏరుకోవడం మొదలవుతుంది. మొదటి మెలికల భాగంలోనే నీళ్ళు, ఉప్పు మూడింట రెండు వంతులు, చక్కెర దాదాపు మొత్తం వెనక్కి పోతాయి. రక్తంలో చక్కెర సుమారు 180 దాటితే ఏరుకునే శక్తి చాలక మూత్రంలోకి జారిపోతుంది. మూత్రానికి చీమలు పట్టడం అంటే ఇదే. చివరికి 180 లీటర్లలో బయటికి వచ్చేది లీటరున్నరో రెండు లీటర్లో.

ఇప్పుడు మీ "మూత్రం బాగానే వస్తోంది" దగ్గరికి వద్దాం. వడపోత నిమిషానికి 125 నుంచి 10కి పడిపోయిందనుకోండి. అప్పుడు కూడా రోజుకి 14 లీటర్ల పైన ద్రవం దిగుతుంది. గొట్టాలు అందులో 12 లీటర్లు వెనక్కి తీసుకుంటే రెండు లీటర్ల మూత్రం వస్తూనే ఉంటుంది. డయాలసిస్ గుమ్మం దాకా వచ్చినవాళ్ళలో చాలామందికి ఆ రోజుకీ మూత్రం సరిగానే వస్తుంటుంది. అంచేత ఎంత వస్తోంది అన్నదానికన్నా అందులో ఏం వస్తోంది అన్నది ముఖ్యం. పైగా దెబ్బతిన్న కిడ్నీ ముందుగా పోగొట్టుకునేది మూత్రాన్ని చిక్కబరిచే శక్తి. ఆరోగ్యంగా ఉన్న కిడ్నీ మూత్రాన్ని రక్తం కంటే నాలుగు రెట్లు చిక్కగా చేయగలదు, అందుకే రాత్రంతా లేవకుండా పడుకోగలుగుతాం. నాన్నగారు రాత్రి రెండు మూడుసార్లు లేస్తున్నారేమో, మూత్రం తెల్లగా నీళ్ళలా ఉంటోందేమో అడగండి. మగవాళ్ళలో దాన్ని ప్రోస్టేట్ అనీ, షుగరు ఉంటే షుగరు వల్లే అనీ తోసేస్తారు. నిజంగా ఆ కారణాలే కావచ్చు, కిడ్నీ కూడా కావచ్చు.

ఇక క్రియాటినిన్. ఇది కండరాలు రోజూ ఇంచుమించు ఒకే మోతాదులో వదిలే వ్యర్థం. అది కిడ్నీని పాడు చేయదు, కిడ్నీ పని ఎంత తగ్గిందో చూపిస్తుంది, అంతే. దాన్ని తగ్గించే మందు, కషాయం అని అమ్మేవాళ్ళు థర్మామీటరుని చన్నీళ్ళలో ముంచి జ్వరం తగ్గిందని చెప్పేవాళ్ళతో సమానం.

అసలు మోసం లెక్కలో ఉంది. వడపోత సగమైతే క్రియాటినిన్ ఇంచుమించు రెట్టింపవుతుంది. ఇప్పుడు వాడుకలో ఉన్న 2021 నాటి సీకేడీ-ఎపి సూత్రంతో 58 ఏళ్ళ మగవాడికి కట్టి చూస్తే 0.9కి ఈజీఎఫ్ఆర్, అంటే నిమిషానికి ఎన్ని మిల్లీలీటర్లు వడపోత జరుగుతోందో చెప్పే అంచనా, 99 వస్తుంది. 1.2కి 70. 1.8కి 43. 3.6కి 19. 7.2కి 8. మొదట్లో 0.9 నుంచి 1.8కి పెరిగితే సగానికి పైగా వడపోత పోయింది. అదే 3.6 నుంచి 7.2కి పోతే పోయేది పదకొండు పాయింట్లే. జనం మాత్రం 1.8 చూసి ఊరుకుని, 7 చూసి బెంబేలెత్తుతారు. జరగాల్సింది తారుమారు.

ఇంకో చిక్కు, కండ తక్కువున్నవాళ్ళకి ఈ అంకె అబద్ధం చెబుతుంది. 70 ఏళ్ళ సన్నటి పెద్దావిడకి 1.2 వస్తే ల్యాబు కాగితం నార్మల్ అంటుంది. లెక్క కడితే 49 వస్తుంది. జిమ్ముకెళ్ళి క్రియేటిన్ పొడి తాగే కుర్రాడికి 1.4 వచ్చినా కిడ్నీలు బాగుండొచ్చు. ముందురోజు రాత్రి మటన్ దండిగా తిని పొద్దున్నే రక్తం ఇచ్చినా కాస్త పెరుగుతుంది. అనుమానం ఉన్నచోట సిస్టాటిన్ సి అనే పరీక్ష చేయిస్తారు, అది కండ మీద పెద్దగా ఆధారపడదు.

మీ నాన్నగారి 43 అంటే కిడ్నీ జబ్బు మూడో దశలో రెండో భాగం, 30 నుంచి 44 మధ్య. కానీ ఒక్క రిపోర్టుతో ముద్ర వేయకూడదు. మూడు నెలలకి పైగా 60 కంటే తక్కువగానే ఉంటే దీర్ఘకాలిక జబ్బు అంటారు. ఈ మధ్య విరేచనాలయ్యాయా, నొప్పుల మాత్రలు మింగారా, ఎండలో సొమ్మసిల్లారా అన్నది ముందు తెలుసుకోండి. అలాంటిదేదైనా ఉంటే కొంత వెనక్కి వస్తుంది. ఒంట్లో నీరు ఇంకిపోవడం వల్ల పెరిగిన క్రియాటినిన్‌కి మాత్రం నీళ్ళు మందే.

ఆ సందర్భం కాకపోతే ఐదు లీటర్లు వృథా ప్రయాస. రోజువారీ వ్యర్థాలని బయటికి పంపడానికి బాగా చిక్కబరచగల కిడ్నీకి అర లీటరు మూత్రం చాలు. చిక్కబరచలేని కిడ్నీకి అదే పనికి రెండు లీటర్లు కావాలి. కనుక నాన్నగారికి దాహాన్ని బట్టి రెండు, రెండున్నర లీటర్లు సరిపోతుంది. పొలంలో, ఎండలో పని అయితే ఇంకాస్త. అంతకు మించి తాగితే వచ్చేది పల్చటి మూత్రమే, వడపోత పెరగదు. కెనడాలో కిడ్నీ జబ్బు ఉన్నవాళ్ళ చేత ఏడాది పాటు నీళ్ళు ఎక్కువ తాగించి చూశారు. 2018లో వచ్చిన ఆ ఫలితాల ప్రకారం జబ్బు వేగం ఏమీ తగ్గలేదు. రాళ్ళ సమస్య ఉన్నవాళ్ళ సంగతి వేరు, వాళ్ళకి నీళ్ళే ప్రధానం. గుండె బలహీనంగా ఉన్నవాళ్ళకి, కాళ్ళ వాపు వచ్చినవాళ్ళకి ఎక్కువ నీళ్ళు ప్రమాదం కూడా.

టెల్మిసార్టాన్ గురించి నాలుగు మాటలు ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే తప్పు ఇక్కడే ఎక్కువగా జరుగుతుంది. ఒంట్లో మరెక్కడైనా సన్న రక్తనాళాల వల దాటాక రక్తం సిరలోకి పోతుంది. గ్లోమెరులస్‌లో మాత్రం లోపలికి తెచ్చేదీ చిన్న ధమనే, బయటికి పంపేదీ చిన్న ధమనే. రెండు కుళాయిలు అనుకోండి. మధ్యలో ఒత్తిడి 50, 60 మిల్లీమీటర్ల దాకా నిలబడుతుంది, అదే వడపోతకి బలం. షుగరు ఉన్నవాళ్ళలో మొదటి మెలికల్లో చక్కెరతో పాటు ఉప్పు కూడా అతిగా వెనక్కి పోతుంది. గొట్టం కిందిభాగంలో ఉప్పుని కొలిచే కణాలు కొన్ని ఉంటాయి. తమ దాకా ఉప్పు రావట్లేదే, వడపోత తగ్గినట్టుందే అని అవి పొరబడి లోపలి కుళాయిని బార్లా తెరిపిస్తాయి. ఒత్తిడి పెరిగిపోతుంది. అందుకే షుగరు వచ్చిన కొత్తలో క్రియాటినిన్ 0.6, 0.7 అని ముచ్చటగా కనిపిస్తుంది. అది నెఫ్రాన్ల చేత గొడ్డుచాకిరీ చేయించడం. ఏళ్ళ తరబడి ఆ ఒత్తిడికి వడపోత గోడ చిరుగుతుంది, ఆల్బుమిన్ అనే ప్రోటీను మూత్రంలోకి కారడం మొదలవుతుంది.

టెల్మిసార్టాన్, రామిప్రిల్ లాంటివి బయటి కుళాయిని కొంచెం వదులు చేస్తాయి. లోపలి ఒత్తిడి దిగుతుంది. దాంతో వడపోత కూడా కాస్త దిగి క్రియాటినిన్ కొద్దిగా పెరుగుతుంది. డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ లాంటి షుగరు మందులు లోపలి కుళాయి పొరపాటుని సరిదిద్దుతాయి, వాటికీ మొదట్లో అదే కథ. మందు మొదలుపెట్టాక క్రియాటినిన్ 30 శాతం లోపు పెరిగి అక్కడ ఆగితే కంగారు పడనక్కర్లేదు. మొదలుపెట్టిన రెండు నుంచి నాలుగు వారాల్లో క్రియాటినిన్, పొటాషియం చూసుకోవాలి. 30 శాతం దాటినా, పొటాషియం 5.5 దాటినా డాక్టరు మోతాదు మారుస్తారు. మీ అంతట మీరు ఆపేస్తే అంకె రెండు వారాలు అందంగా కనిపిస్తుంది, నెఫ్రాన్లు మాత్రం అరుగుతూనే ఉంటాయి.

నిజంగా భయపడాల్సింది నొప్పుల మాత్రలకి. డైక్లోఫినాక్, ఐబుప్రొఫెన్, ఎసిక్లోఫినాక్ లోపలి కుళాయిని బిగిస్తాయి. పైగా బయటి కుళాయి టెల్మిసార్టాన్‌తో వదులుగా ఉంది, నీరు పోయే మాత్ర వల్లనో విరేచనాల వల్లనో రక్తం తక్కువగా ఉంది. ఈ మూడూ కలిస్తే ఒత్తిడి కుప్పకూలి రెండు మూడు రోజుల్లోనే వడపోత ఆగిపోగలదు. ఒళ్ళు నొప్పులని ఆర్ఎంపీ దగ్గర సూది వేయించుకునేటప్పుడు అందులో ఏముందో అడగండి, తరచుగా అది డైక్లోఫినాకే. నొప్పికి పారాసెటమాల్ చాలు. వాంతులు, విరేచనాలు పట్టుకున్న రోజుల్లో బీపీ మాత్ర, నీరు పోయే మాత్ర, మెట్‌ఫార్మిన్, డాపాగ్లిఫ్లోజిన్ ఏవి ఆపాలో డాక్టరుని ఇప్పుడే అడిగి కాగితం మీద రాయించుకోండి. ఆ రోజు ఫోను దొరక్కపోవచ్చు. మెట్‌ఫార్మిన్ సంగతి విడిగా కూడా అడగాలి. ఈజీఎఫ్ఆర్ 45 కిందికి వస్తే మోతాదు తగ్గిస్తారు, 30 కిందికి వస్తే మానిపిస్తారు.

కిడ్నీకి ఇంకో మూడు పనులున్నాయి. ఎముక మజ్జకి రక్తం తయారుచేయమని చెప్పే ఎరిత్రోపోయిటిన్‌ని పంపుతుంది, అది తగ్గితే హిమోగ్లోబిన్ పడిపోతుంది, ఐరన్ మాత్రలొక్కటే చాలవు. విటమిన్ డిని పనికొచ్చే రూపంలోకి మారుస్తుంది. ఇన్సులిన్‌ని విరిచేస్తుంది. ఈ చివరిది గుర్తుంచుకోండి. వడపోత తగ్గేకొద్దీ ఇన్సులిన్, గ్లిబెన్‌క్లమైడ్ లాంటి షుగరు మాత్రల ప్రభావం ఒంట్లో ఎక్కువసేపు ఉండిపోతుంది. అప్పటిదాకా 200 ఉండే షుగరు ఏ మార్పూ లేకుండా 90కి వస్తే నయమైపోతోందని ఇంట్లో సంబరపడతారు. అప్పుడే క్రియాటినిన్ చూపించుకోవాలి.

తిండి విషయంలో ఉప్పు మొదటిది. అన్నిటిలో కలిపి రోజుకి 5 గ్రాములు, అంటే ఒక చెంచా. ఆవకాయ, అప్పడం, వడియాలు, మజ్జిగ మిరపకాయలు అందులోనే లెక్క. సోడియం తక్కువని అమ్మే ఉప్పు కొనకండి, అందులో బదులుగా పొటాషియం ఉంటుంది. పొటాషియం 5 లోపు ఉంటే పళ్ళు మానక్కర్లేదు. పెరిగితే ముందు కొబ్బరినీళ్ళు ఆపాలి. స్టార్ ఫ్రూట్ మాత్రం ఎప్పుడూ వద్దు. పప్పు పూర్తిగా మాన్పించడం ఇంకో పొరపాటు. కిలో బరువుకి 0.8 గ్రాముల ప్రోటీను కావాలి. మానేస్తే కండ కరిగి క్రియాటినిన్ తగ్గినట్టు కనిపిస్తుంది, మనిషి నీరసించిపోతాడు.

ఇప్పుడు చేయించాల్సింది మూత్రంలో ఆల్బుమిన్, క్రియాటినిన్ నిష్పత్తి. పొద్దున్నే లేవగానే వచ్చే మొదటి మూత్రం, ముందు కొంచెం వదిలేసి మధ్యధార పట్టాలి. జ్వరం, మూత్రంలో మంట, ముందురోజు బరువు పని ఉంటే వాయిదా వేయండి. 30 లోపు మంచిది, 300 దాటితే గోడ బాగా చిరిగినట్టు. మూడు నుంచి ఆరు నెలల్లో మూడుసార్లు చేయిస్తే రెండుసార్లయినా ఎక్కువ రావాలి, అప్పుడే నమ్మాలి. 24 గంటల మూత్రం పట్టమంటే పొద్దున్న 6కి వచ్చింది పారబోసి అక్కణ్ణుంచి లెక్క మొదలుపెట్టండి, మర్నాడు 6కి వచ్చింది కలపండి. చాలామంది ఆ మొదటిది కూడా పోసేస్తారు, లెక్క తప్పుతుంది.

ఆల్బుమిన్ లేదని మాత్రం నిశ్చింతగా ఉండలేం. శ్రీకాకుళం జిల్లా ఉద్దానం, అంటే కవిటి, సోంపేట, కంచిలి, పలాస వైపు కనిపించే జబ్బులో దెబ్బ తగిలేది ప్రధానంగా గొట్టాలకీ వాటి చుట్టూ ఉన్న భాగానికీ. షుగరు ఉండదు, బీపీ తొలిదశలో మామూలుగానే ఉంటుంది, మూత్రంలో ప్రోటీను పెద్దగా రాదు. దానికి కారణం ఇదీ అని ఇంకా తేలలేదు. అటువైపు వాళ్ళు మూత్రపరీక్ష ఒక్కటే చేయించుకుని బాగుందనుకోవడం పొరపాటు, క్రియాటినిన్ కూడా చూడాలి.

వీటితో పాటు కడుపు స్కానింగు, కంటి రెటీనా పరీక్ష. స్కానింగులో కిడ్నీ 9 సెంటీమీటర్ల కంటే చిన్నగా ఉంటే పాత జబ్బు అనుకోవచ్చు, కానీ షుగరు వల్ల దెబ్బతిన్న కిడ్నీ మామూలు సైజులోనే ఉండొచ్చు. రెటీనా శుభ్రంగా ఉండి కిడ్నీ మాత్రమే పాడైతే షుగరు కాక ఇంకేదైనా కారణం ఉందేమో వెతకాలి. అన్నిటికంటే ముందు బీరువాలో ఉన్న పాత రిపోర్టులు తీసి, తేదీ, క్రియాటినిన్, ఈజీఎఫ్ఆర్ ఒక కాగితం మీద వరసగా రాయండి. నాలుగేళ్ళుగా 43, 45 దగ్గరే ఆడుతుంటే తీరిగ్గా చూపించుకోవచ్చు. ఏడాదికి 5 కంటే ఎక్కువ పడుతూ వస్తుంటే ఈ వారమే నెఫ్రాలజిస్టు దగ్గరికి తీసుకెళ్ళండి, ఆ కాగితం కూడా పట్టుకెళ్ళండి.